తడి తాడు

ఆ ఏడు నా చేతిలో నారతాడు ఉండేది.
రెండో కొస బితెవ్ పట్టుకునేవాడు.
కమిటీ పెద్ద పేరు చదివితే
మేం నడిచేవాళ్ళం.
ఒక తాడు, రెండు తాళ్ళు, మూడున్నర.
గొజ్జాం కొండల కింద పంచిన నేలంతా
నా అరచేతిలో ఇంకా కాయలై ఉంది.

అస్నకెచ్ పేరు మధ్యాహ్నం దాటాక వచ్చింది.
అప్పుడే ఒక జల్లు పడి వెలిసింది.
ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది:
తడిస్తే నారతాడు కుదించుకుపోతుంది.
పొద్దున పొడి తాడు కింద నిలబడ్డవాళ్ళకు
బారెడు ఎక్కువే దక్కింది.
తక్కినవాళ్ళకు
వాన తిన్నది పోను మిగిలింది.

ఆమె అడగలేదు.
మొగుడు పోయి ఏడాది కాలేదు.
నడుముకు గుడ్డ బిగించి రాళ్ళు తనే మోసి
నాలుగు మూలలా పాతింది.
చివరి రాయి మీద కూర్చుని
"ఇక నేనూ భూమి గలదాన్నే" అంది.
ఎవరితో అందో తెలీదు,
అక్కడ నేనూ ఒక కొంగా తప్ప ఎవరూ లేం.

ఆ నేల చెకోల్‌ది.
పన్నెండు తాళ్ళలోంచి కోసి ఇచ్చాం.
గట్టు మీద నిలబడి చూశాడు, తిట్టలేదు.
అతని రెండు జతల ఎడ్లు
వెనకాల నెమరు వేస్తున్నాయి.
మా కాగితంలో ఎడ్లకు గడి లేదు.

కొలతాడు వచ్చి వెళ్ళింది.
పలుపుతాడు రాలేదు.
మా వైపు ఆడది నాగలి పట్టదు.
పడితే పంట రాదంటారు,
ఎవరూ పట్టించి చూడలేదు.
టెఫ్ గింజేమో ఆవగింజకు మునిమనవరాలు,
నాలుగైదు దుక్కులు దున్ని పిండి చేస్తేగాని
మొలవనని మొండికేస్తుంది.
అందరి చేలలో సాళ్ళు. ఆమె చేలో గడ్డి.

చివరికి చెకోల్ గడపే ఎక్కింది.
"పాలుకు చేస్తావా?"
అతను మూడు దఫాల కాఫీ తాగాడు.
మూడోది నీళ్ళలా పలచనయ్యాక
"సగం" అన్నాడు.
"గడ్డి మొత్తం నాదే" అన్నాడు.

కళ్ళంలో ఇప్పుడు
భూమి గలామె చేట పట్టుకు నిలబడుతుంది.
భూమి పోయినాయన కుంచం పట్టుకు కూర్చుంటాడు.
ఎవరు ఆసామో ఎవరు కౌలుదారో
కొత్తగా వచ్చినవాణ్ణి అడిగితే తప్పు చెబుతాడు.

వచ్చాడు కూడా, రాజధాని నుంచి ఒక కుర్రాడు,
ప్రశ్నల కట్టతో.
కౌలు మంచిదా, పంపకం మంచిదా అని.
అస్నకెచ్ నవ్వింది. ముందు పన్ను లేదు.
"కౌలు లేకపోతే నా నేల గడ్డి, నాయనా.
పంపకం లేకపోతే నేనే గడ్డి.
రెండూ ఉన్నాయి గనక సగం ఇంజెరా తింటున్నా.
మిగతా సగం ఎక్కడుందో నువ్వే రాసుకో."
అతను కలం పట్టుకుని
గడి కోసం చాలాసేపు వెతికాడు.

బహిర్ దార్‌లో చెల్లెలు రమ్మంటోంది,
హోటల్లో ఇంజెరాలు కాల్చే పని, నెల జీతం.
పోదు.
కౌలుకిచ్చి ఊళ్ళో లేనివాళ్ళ పొలాలు
మళ్ళీ తాడు కిందికి వస్తాయని ఎవరో అన్నారు.
నిజమో కాదో.
అందుకని వండటానికేమీ లేని రాత్రి కూడా
పొయ్యి రాజేసి పొగ పెడుతుంది,
ఊరంతా చూసేలా.
పట్టా పుస్తకం గింజల కుండలో దాచింది.
ఎలుక ఫొటోలో చెవి కొరికింది.
ముద్ర మాత్రం భద్రం.

పోయిన ఏడు తన పాలు అమ్మి గిత్తను కొంది.
ఒక్క ఎద్దు కాడికి సగం.
నాకూ ఉన్నది ఒక్కటే.
రెంటినీ కలిపి కట్టాం.
ఇప్పుడు ఆమె చేను నేనే దున్నుతున్నాను.
చెకోల్ గట్టు మీంచి చూస్తాడు,
ఈసారీ తిట్టడు.

తూర్పు మూల రాయి దగ్గర
నాగలి ఎత్తి తిప్పాలి.
రాయి అవతల నా చేను.
పొద్దున్నే కొలిచారు నాది,
మంచు కూడా ఆరిపోయాక.

ఆమె విత్తనాల బుట్టతో ఎదురొస్తోంది.
ఒక మాట చెప్పాలి.
చినుకు మొదలైంది.
చేతిలో పలుపు తడిసి
బిగుసుకుంటోంది.